గంత కట్టని గాడిద, గాలి లేని చక్రము





ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగము ప్రార్థన మనవులే. ఈ నెల వచ్చిన ఒక ఉత్తరములో మనవితో పాటు ఒక ప్రశ్న కూడా ఉన్నది. వ్రాసినది ఒక తల్లి. ఆమె కుమారునికి 19 ఏళ్లు. చిన్ననాట వచ్చిన జబ్బు వలన కాళ్లు చచ్చుపడినవి. నిరుడు క్రిస్మస్ పండుగకు సంఘమువారు అతనికి ఒక చక్రాల కుర్చీ ఇచ్చారు. దండ వేసి, ప్రార్థన చేసి, ఫోటో తీసి ఇచ్చారు. అబ్బాయి సంతోషమునకు మేర లేదు. తన చేతులతో తానే చక్రాలు తిప్పుకొంటూ వీధి చివరి కిరాణా కొట్టు దాకా పోయి వచ్చేవాడు. 11 నెలలు గడిచేసరికి ముందు చక్రము ఒకటి బిగుసుకుపోయినది. వెనుక చక్రములో గాలి నిలవడం లేదు. ఇప్పుడు ఆ కుర్చీ వసారాలో ఒక మూలన ఉన్నది, దాని మీద తడి బట్టలు ఆరవేస్తున్నారట. అబ్బాయి మరల మంచము మీదికే వచ్చాడు. "ఇచ్చినవారిని మళ్లీ అడగవచ్చునా అయ్యగారూ? అడిగితే ఏమనుకుంటారో" అని ఆ తల్లి అడిగారు.

అడగవచ్చునమ్మా, తప్పక అడగవచ్చును. అయితే అడగవలసిన అగత్యము రాకుండా చేసుకొనుటకు మీ ఇంట్లో, మీ వీధిలో చేతనైన పని చాలా ఉన్నది. ఆ పని సంఘము కూడా తెలుసుకోవాలి. అందుకని ఈ నెల ఈ శీర్షికలో చక్రాల కుర్చీ సంరక్షణ గురించే వ్రాస్తున్నాము. "ఆత్మీయ పత్రికలో నట్లు, బోల్టుల సంగతి ఎందుకు?" అని ఎవరైనా అనుకొనవచ్చు. ముందుగా వాక్యములోనికి వెళ్దాము.

మెఫీబోషెతు మాట

యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు కథ మనకందరికీ తెలిసినదే. సౌలును యోనాతానును మరణించిన వార్త వచ్చినప్పుడు అతనికి 5 సంవత్సరములు. దాది అతనిని ఎత్తుకొని తొందరగా పారిపోతుండగా పిల్లవాడు పడి కుంటివాడైనాడు. ఈ సంగతి 2 సమూయేలు 4వ అధ్యాయములో ఉన్నది. తరువాత 9వ అధ్యాయములో దావీదు రాజు అతనిని లోదెబారు నుండి పిలిపించి, సౌలు భూములన్నీ తిరిగి ఇచ్చి, రాజు బల్లయొద్ద భోజనము చేసే భాగ్యము కలుగజేశాడు. దీని మీద ప్రసంగాలు మనము ఎన్నో విన్నాము. కృపను గురించి ఇంతకన్న చక్కని ఉదాహరణ దొరకదు.

కాని ఆ కథ 9వ అధ్యాయముతో ముగిసిపోలేదు. అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు యెరూషలేము విడిచి పారిపోయాడు. 16వ అధ్యాయములో మెఫీబోషెతు సేవకుడైన సీబా, గంతలు కట్టిన 2 గాడిదలతో, 200 రొట్టెలతో రాజుకు ఎదురు వచ్చాడు. "నీ యజమానుని కుమారుడు ఎక్కడ?" అని రాజు అడిగితే, అతడు రాజ్యము కోసము యెరూషలేములోనే నిలిచిపోయాడన్నట్లు చెప్పాడు. రాజు ఆ మాట నమ్మి, మెఫీబోషెతు ఆస్తి అంతా సీబాకు ఇచ్చివేశాడు. మరల రాజు తిరిగి వచ్చినప్పుడు, 19వ అధ్యాయములో, మెఫీబోషెతు మాట బయటికి వచ్చినది. తాను కుంటివాడు గనుక గాడిదకు గంత కట్టించి ఎక్కి రాజుతో వెళ్లాలనుకున్నానని, తన పనివాడు తనను మోసపుచ్చాడని అతడు చెప్పుకున్నాడు.

ప్రియులారా, ఈ సంగతిని నెమ్మదిగా ఆలోచించండి. రాజు బల్లయొద్ద కుర్చీ వేసి ఉన్నది. భూములు ఉన్నవి. సీబాకు 15 మంది కుమారులు, 20 మంది దాసులు ఉన్నారని కూడా వాక్యము చెప్పుచున్నది. ఇన్ని ఉండి కూడా, అవసరము వచ్చిన రోజున మెఫీబోషెతు కదలలేకపోయాడు. కారణము ఒక్కటే. గాడిదకు గంత కట్టేవారు లేరు. గంత కట్టిన గాడిదలు రెండు ఉన్నవి, కాని ఎవరికి కావాలో వారి దగ్గర లేవు. కదలలేనందున అతని మీద ద్రోహి అన్న నింద కూడా పడినది. ఎందుకు రాలేదని రాజు అడిగేవరకు ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

ఈనాడు మన ఇండ్లలో చక్రాల కుర్చీయే ఆ గాడిద. చక్రములో గాలి ఉండడమే గంత కట్టడము. కుర్చీ ఇచ్చుట గొప్ప సంగతే. అయితే అది ప్రతి ఉదయము కదలడానికి సిద్ధముగా ఉన్నదా లేదా అన్నదే ఆ మనిషి బ్రదుకును నిర్ణయిస్తుంది.

మేము ఎరిగిన ఒక సహోదరి ఉన్నారు. కుర్చీలో కూర్చునే కుట్టు పని చేసుకొంటారు. ఒకసారి వరుసగా 3 ఆదివారములు ఆరాధనకు రాలేదు. స్త్రీల కూడికలో ఆమె ఆరోగ్యము కొరకు భారముతో ప్రార్థించారు. తరువాత ఇద్దరు అమ్మలు చూడబోతే, ఆమె నిక్షేపముగా మిషను తొక్కించుకొంటూ జాకెట్లు కుట్టుకొంటున్నారు. అనారోగ్యము ఆమెలో లేదు, ట్యూబులో ఉన్నది. వాల్వు దగ్గర గాలి పోతున్నది. సైకిలు షాపు కుర్రవాడు వచ్చి వేరే ట్యూబు వేసి వెళ్లేసరికి అరగంట కూడా పట్టలేదు. ప్రార్థన మానవద్దు, ప్రియులారా. వెళ్లేటప్పుడు గాలి పంపు కూడా తీసుకువెళ్లండి.

ముందు అడగండి

సంరక్షణలో మొదటి పాఠము పానా పట్టుకొనుట కాదు, అడుగుట. కుర్చీ దానిలో కూర్చునేవారిది. వారికి అది కాళ్లతో సమానము. చెప్పకుండా కుర్చీని పక్కకు లాగడము, వెనుక పిడులకు సంచులు తగిలించడము, పిల్లలను ఎక్కించి ఆడించడము మర్యాద కాదు. వెనుక బరువు ఎక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదము కూడా ఉన్నది. "అన్నా, కుర్చీ ఎలా నడుస్తున్నది? ఏ పక్కకైనా లాగుతున్నదా?" అని అడగండి. ఏ చక్రము చప్పుడు చేస్తున్నదో, ఏ నట్టు వదులైనదో కూర్చునేవారికి ముందే తెలుస్తుంది.

ఈ కుర్చీల చరిత్ర కూడా ఇదే చెప్పుచున్నది. 1655లో జర్మనీ దేశములో స్టెఫాన్ ఫార్ఫ్లర్ అనే గడియారాల పనివాడు, నడవలేనివాడు, చేతులతో తిప్పుకొంటూ తానే నడుపుకొనే బండిని తన కొరకు తయారు చేసుకున్నాడు. మనము ఇప్పుడు చూచే మడత కుర్చీ 1930 దశకములో అమెరికాలో పుట్టినది. హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే గనుల ఇంజనీరు ప్రమాదములో కాళ్లు చచ్చుపడి, బరువైన ఆనాటి కుర్చీ కారులో పట్టక అవస్థ పడితే, అతని స్నేహితుడైన హ్యారీ జెన్నింగ్స్ ఉక్కు గొట్టాలతో మడిచే కుర్చీ చేసి ఇచ్చాడు. కింద గుణకారపు గుర్తు వలె అడ్డముగా ఉండే రెండు కడ్డీలు ఆ ఆలోచన నుండి వచ్చినవే. ఎక్కడ బాధ ఉన్నదో కూర్చునేవాడు చెప్పాడు, స్నేహితుడు విన్నాడు. సంరక్షణ కూడా ఆ విధముగానే జరగాలి.

వారానికి పదిహేను నిమిషములు

శనివారము సాయంత్రము ఆదివారము బట్టలు ఇస్త్రీ చేసుకొనే వేళ ఈ పని పెట్టుకొంటే మరచిపోము. కావలసిన సామాను కూడా తక్కువే. సైకిలు పంపు, కుర్చీ నట్లకు సరిపడే రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, కుట్టుమిషను నూనె సీసా, పాత టూత్ బ్రష్షు, చిన్న కత్తెర, పాత గుడ్డ. ఇవన్నీ ఒక సంచిలో వేసి కుర్చీ దగ్గరే ఉంచండి.

మొదట గాలి చూడండి. టైరును బొటనవేలితో గట్టిగా నొక్కితే చాలా కొద్దిగా మాత్రమే లోపలికి పోవాలి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కన పి.ఎస్.ఐ. అని అచ్చు పోసి ఉంటుంది. గాలి తక్కువైతే మూడు నష్టములు. తోసుకొనే చేతులకు, భుజాలకు శ్రమ పెరుగుతుంది. టైరు అంచులు నలిగి తొందరగా చీలుతుంది. మూడవది అన్నిటికన్న ప్రమాదకరమైనది. ఈ కుర్చీలలో బ్రేకు టైరును నొక్కి పట్టుకొని పని చేస్తుంది. టైరు మెత్తబడితే బ్రేకుకు పట్టు ఉండదు. మంచము మీది నుండి కుర్చీలోనికి మారే సమయములో కుర్చీ జారిపోయి మనిషి కింద పడతాడు. రెండు చక్రాలలో గాలి సమానముగా లేకపోతే కుర్చీ ఒక పక్కకు లాగుతుంది.

టైరు మార్చవలసి వస్తే పాతదాని మీది అంకెలు చూచి కొనండి. 24 అంగుళాల చక్రమని పేరు ఒకటే అయినా రిమ్ము కొలతలు వేరువేరుగా ఉంటాయి. చాలా చక్రాల కుర్చీలకు ఉండే టైరు మీద 24 × 1 3/8 అనియు, 37-540 అనియు ఉంటుంది. పిల్లల సైకిలుకు వేసే 24 అంగుళాల టైరు దీనికి పట్టదు. పాత టైరునే షాపుకు పట్టుకొని పోవడము మేలు. కొన్ని కుర్చీలకు గాలి అక్కరలేని గట్టి రబ్బరు టైర్లు ఉంటాయి. వాటికి పంపు పని లేదు గాని పగుళ్లు, రిమ్ము నుండి ఊడిపోవడము చూచుకోవాలి.

తరువాత బ్రేకులు. కుర్చీలో ఎవరూ లేనప్పుడు రెండు బ్రేకులూ వేసి వెనుక నుండి తోయండి. చక్రము తిరగకూడదు. తిరిగితే ముందు గాలి సరిచూడండి. గాలి బాగుండి కూడా జారితే, బ్రేకును చట్రానికి పట్టి ఉంచే బోల్టులు కొంచెము వదులు చేసి, బ్రేకును టైరు వైపు కొద్దిగా జరిపి మరల బిగించండి. బ్రేకు తీసినప్పుడు అది టైరుకు తగలకూడదు.

మూడవది ముందు చిన్న చక్రాలు. మన ఉత్తరము వ్రాసిన తల్లి ఇంట్లో బిగుసుకుపోయినది ఇదే. ఇంట్లో నేల మీద ఉండే వెంట్రుకలు, దారపు పోగులు, చాప పీచు ఆ చక్రము ఇరుసుకు చుట్టుకొని తాడు వలె బిగుస్తాయి. ఆడవారు ఉన్న ఇంట్లో, కుట్టు పని చేసే ఇంట్లో ఇది మరీ ఎక్కువ. కుర్చీని పక్కకు వాల్చి కత్తెరతో ఆ పోగులను కోసి లాగివేయండి. బాగా లోపలికి పోయి ఉంటే ఇరుసు బోల్టు విప్పి, చక్రము తీసి శుభ్రపరచి, విప్పిన వరుసలోనే తిరిగి బిగించండి. చక్రాన్ని వేలితో తిప్పితే సునాయాసముగా తిరగాలి. గరగరమని శబ్దము వస్తే బేరింగు పాడైనదని అర్థము. మూసి ఉన్న బేరింగులో నూనె పోసి లాభము లేదు, మార్చవలసినదే.

నాల్గవది నట్లు, బోల్టులు. చేతితో కదిపి చూచి, వదులైనవాటిని బిగించండి. మరీ బలముగా బిగిస్తే మర పోతుంది, కీలు దగ్గర కదలిక కూడా ఆగిపోతుంది. పాదాలు పెట్టుకొనే పలకలు జారకుండా ఉన్నవో లేదో చూడండి. నెలకు ఒకసారి చక్రపు చువ్వలను ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కి చూడండి. ఒకటి వదులైతే దాని భారము పక్క చువ్వల మీద పడి అవి కూడా తెగుతాయి, రిమ్ము వంకర పోతుంది. చువ్వలు బిగించి రిమ్ము వంకర తీయడము సైకిలు షాపువారి పని. చేతితో తిప్పుకొనే రిమ్ము మీద గరుకు అంచులు ఉంటే ఉప్పు కాగితముతో రుద్ది నునుపు చేయండి. స్పర్శ లేని చేతులు కోసుకుపోయినా తెలియదు.

శుభ్రము, నూనె, తుప్పు

తడి గుడ్డతో తుడిచి, తరువాత పొడి గుడ్డతో తప్పనిసరిగా తుడవాలి. మోటారు సైకిలు కడిగినట్లు పైపుతో నీళ్లు కొట్టవద్దు. నీళ్లు బేరింగులలోనికి పోయి గ్రీజును పాడుచేస్తాయి. వానలో తడిసిన రోజున, బురదలో నడిచిన రోజున వారము దాకా ఆగక అదే సాయంత్రము తుడవండి. సముద్రతీరపు ఊళ్లలో ఉప్పు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. అక్కడివారు మరింత జాగ్రత్త పడాలి. ఎక్కడైనా రంగు లేచిపోతే ఉప్పు కాగితముతో తుప్పు గీకి కొంచెము రంగు పూయండి.

మడత కీళ్లలో, బ్రేకు కీలులో కుట్టుమిషను నూనె ఒక్కొక్క చుక్క చాలు. మిగిలినది తుడిచివేయండి, లేకపోతే దుమ్ము పట్టి జిగురుగా మారుతుంది. కొబ్బరి నూనె, వంట నూనె వాడవద్దు. అవి కొద్ది రోజులకే ముద్ద కట్టి మేలుకు బదులు కీడు చేస్తాయి. టైరుకు, బ్రేకు టైరును తాకే చోట, చేతితో పట్టుకొనే రిమ్ముకు నూనె తగలనివ్వవద్దు. కుర్చీని రాత్రి మంచులో గాని మధ్యాహ్నపు ఎండలో గాని వదలకండి. ఎండకు రబ్బరు, రెక్సిను రెండూ పెళుసెక్కుతాయి.

చట్రము అతుకుల దగ్గర, ముఖ్యముగా కింద అడ్డముగా ఉండే కడ్డీల దగ్గర, వెంట్రుక వంటి పగులు కనబడితే ఆ కుర్చీలో కూర్చోబెట్టవద్దు. తీగతో కట్టి నడుపుట ప్రాణము మీదికి తెచ్చుకొనుటే. ముందు బాగు చేయించండి.

సీటు, దిండు: చర్మమును కాపాడునవి

చక్రము చెడితే మనిషి ఇంట్లో ఉంటాడు. సీటు చెడితే మనిషి ఆసుపత్రి పాలవుతాడు. ఈ మాట బాగుగా గుర్తుంచుకోండి. కాళ్లలోను పిరుదులలోను స్పర్శ లేనివారికి ఒకే చోట ఒత్తిడి పడుతున్నా నొప్పి తెలియదు. అక్కడ రక్త ప్రసరణ ఆగి చర్మము కుళ్లి పుండు పడుతుంది. ఆ పుండు ఎముక దాకా పోవచ్చును, రక్తము విషపూరితమై ప్రాణము తీయవచ్చును.

కుర్చీ సీటు రెక్సిను ఉయ్యాలవలె కిందికి జారిపోయినదా చూడండి. జారితే నడుము ఒక పక్కకు వాలి ఒక ఎముక మీదనే బరువంతా పడుతుంది. అలాంటి రెక్సినును మార్పించాలి. ఆటో సీట్లు కుట్టేవారు ఈ పని చేయగలరు. దిండు సంగతి చూడండి. ఎప్పుడు కూర్చున్నా దిండు ఉండాలి. మనిషి కూర్చుని ఉండగా, అతని అనుమతితో, దిండు కింద చేయి పెట్టి కూర్చునే ఎముక ఉన్నచోట తడిమితే ఎముక గట్టిగా వేళ్లకు తగులుతున్నదా? అయితే ఆ దిండు అణిగిపోయినది, మార్చవలసిన సమయము వచ్చినది. దిండు తొడుగు ముడతలు లేకుండా, పొడిగా ఉండాలి. తడిస్తే వెంటనే మార్చాలి.

దిండు ఎంత మంచిదైనా, పదిహేను నిమిషములకు, అరగంటకు ఒకసారి ముందుకు వంగి గాని, ఒక పక్కకు ఆ తరువాత మరొక పక్కకు వాలి గాని కొంతసేపు బరువు తగ్గించుకోవాలి. ఆరాధనలో ప్రసంగము దీర్ఘముగా ఉన్నప్పుడు కూడా ఇది మానకూడదు. బోధకులు ఏమనుకుంటారోనని బిగుసుకొని కూర్చునేవారికి మేము చెప్పేది ఒక్కటే, మొహమాటపడకండి. ప్రతి రాత్రి అద్దముతో గాని, ఇంట్లో నమ్మకమైనవారి చేత గాని చర్మమును చూపించుకోండి. ఎర్రని మచ్చ కనబడి అరగంటకైనా పోకపోతే ఆ చోట మీద కూర్చోవడం మాని వెంటనే నర్సుకు గాని డాక్టరుకు గాని చూపించండి.

మడిచేటప్పుడు, ఎత్తేటప్పుడు

మడిచేటప్పుడు దిండు తీసి, పాదపు పలకలు పైకి మడిచి, సీటును మధ్యలో ముందు వెనుక పట్టుకొని పైకి లాగితే కుర్చీ మూసుకొంటుంది. తెరిచేటప్పుడు సీటు రెండు అంచుల కడ్డీల మీద అరచేతులు ఆనించి కిందికి నొక్కాలి. వేళ్లు లోపలి వైపుకు ఉండాలి. బయటికి పెడితే కడ్డీకి చట్రానికి మధ్య నలుగుతాయి.

గుడి మెట్ల దగ్గర నలుగురు యౌవనస్థులు ఉత్సాహముగా వచ్చి చేతికి అందినది పట్టుకొని ఎత్తుతారు. చేతులు ఆనించుకొనే పట్టీలు, పాదపు పలకలు చాలా కుర్చీలకు ఊడివస్తాయి. వాటిని పట్టుకొని ఎత్తితే అవి చేతిలోకి వచ్చి మనిషి కింద పడతాడు. కదలని చట్రాన్నే పట్టుకోవాలి. ఎక్కడ పట్టుకోవాలో కూర్చున్నవారినే అడగాలి. వాలు దారి కట్టించగలిగితే ఈ అవస్థ ఉండదు. 1 అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్క. అంటే 6 అంగుళాల మెట్టుకు 6 అడుగుల వాలు చాలును.

ఇచ్చే సంఘములకు ఒక మాట

పక్షవాయువు గలవానిని మోసుకొని వచ్చిన నలుగురి సంగతి మార్కు సువార్త 2వ అధ్యాయములో చదువుతాము. వారు సందు లేదని తిరిగి పోలేదు. ఇంటి కప్పు విప్పి, పరుపును ప్రభువు ఎదుటికి దించారు. పని సగములో ఆపలేదు. కుర్చీ దానము కూడా ఫోటోతో ఆగితే సగము పనియే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో చక్రాల కుర్చీల పంపిణీ గురించి మార్గదర్శకాలు ప్రచురించినది. అందులో ఈ సేవను ఎనిమిది మెట్లుగా చెప్పారు. మనిషిని చూచి కొలతలు తీయడము, తగిన కుర్చీ ఎంచడము, కూర్చోబెట్టి సరిచూడడము, వాడుక నేర్పడము అందులో ఉన్నవి. చిట్టచివరి మెట్టు ఏమిటంటే, తరువాత కూడా వెళ్లి చూచి, సంరక్షణ, మరమ్మతు జరిగేటట్లు చేయుట. కుర్చీ అప్పగించిన రోజుతో ఆ మెట్లు ముగియవు.

ప్రభుత్వము వారి అడిప్ పథకము ద్వారా అర్హులకు కుర్చీలు లభిస్తాయి. కాన్పూరులో 1972లో స్థాపించబడిన అలింకో సంస్థ తయారు చేసే కుర్చీలు ఈ విధముగా ఎన్నో ఇండ్లకు చేరుతున్నవి. అయితే ఆ పథకములో ఒకసారి ఉపకరణము పొందినవారు అదే ఉపకరణము కొరకు మరల అడగడానికి సాధారణముగా 3 సంవత్సరములు ఆగాలి. 12 ఏళ్లలోపు పిల్లలకు ఆ గడువు 1 సంవత్సరము. ఒక్క చక్రము బిగుసుకొని కుర్చీ మూలపడితే మిగిలిన కాలమంతా ఆ మనిషి ఎక్కడ ఉండాలి? మంచము మీదనే గదా.

కాబట్టి సంఘ పెద్దలకు, యౌవనస్థుల సమాజములకు మా మనవి ఇది. కుర్చీ ఇచ్చేటప్పుడు దానితో పాటు పంపు, పానాలు, ఒక ట్యూబు, ఒక మంచి దిండు కూడా ఇవ్వండి. ఆ ఊరి సైకిలు షాపు అతనిని పిలిచి ఒకసారి కుర్చీని చూపించండి, అతని కష్టానికి తగిన కూలి ముందే మాట్లాడండి. ఆ కుటుంబమును నెలకు ఒకసారి పలకరించే బాధ్యత ఒక్క మనిషికి పేరు పెట్టి అప్పగించండి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూడరు. కానుక పెట్టెలో మరమ్మతుల కొరకు కొద్ది సొమ్ము వేరుగా ఉంచండి. ఇచ్చినవారిని మరల అడగడానికి ఏ తల్లీ సిగ్గుపడే పరిస్థితి రానివ్వకండి. అడిగినవారిని "అప్పుడే పాడు చేశారా?" అనవద్దు. వాడితే అరుగుతుంది. అరిగిన టైరు, మనిషి బయటికి తిరిగాడనుటకు సాక్ష్యము. అందుకు దేవుని స్తుతించాలి.

కుర్చీలో కూర్చునే సహోదరులకు, సహోదరీలకు కూడా ఒక మాట. మీకు చేతనైనంత వరకు ఈ పనులు మీరే నేర్చుకోండి. చేతులలో బలము లేకపోయినా ఏమి చేయాలో నోటితో చెప్పి చేయించుకొనుట కూడా మీ పని మీరు చూచుకొనుటే. మెఫీబోషెతు సీబా మీద ఆధారపడి మోసపోయాడు. మీ కుర్చీ సంగతి మీకన్న బాగా తెలిసినవారు ఉండకూడదు.

ఈ వచ్చే శనివారము మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని ఉన్న ఒక చక్రాల కుర్చీ దగ్గరికి వెళ్లండి. అడిగి, అనుమతి తీసుకొని, బొటనవేలితో టైరు నొక్కి చూడండి. మిగిలినవి ఒక్కొక్కటిగా అక్కడి నుండి మొదలవుతాయి.

మోకరించే మోకాళ్లకును పంపు కొట్టే చేతులకును ప్రభువు సమానమైన బలము అనుగ్రహించును గాక. ఆమేన్.